బడిగదిని పనికి తగినట్లు మార్చుకొనుట
(మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లల గదులను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనదగిన విషయములు)

ఊరికి బడి కట్టించుట పుణ్యకార్యమని మన పెద్దలు తలంచెడివారు. నేడది చట్టము విధించిన బాధ్యత కూడ అయినది. భవనము లేచినది, రంగులు వేసినారు, బల్లలు వచ్చినవి. ఇక పని ముగిసినదని పంచాయతీ సభ్యులు సాధారణముగా భావింతురు. కాని గది కట్టుట ఒక ఎత్తు, ఆ గదిలో పిల్లలందరును చదువుకొనునట్లు దానిని అమర్చుట మరియొక ఎత్తు. ఈ రెండవ పనిని గూర్చి, అందునను ఎనిమిదేండ్లు మొదలు పదునొకండేండ్ల వరకు వయసుగల పిల్లలు, అనగా మూడు, నాలుగు, ఐదు తరగతులవారు కూర్చుండు గదులను గూర్చి ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

విశాఖపట్నమనగానే రేవు, ఉక్కు కర్మాగారము స్మరణకు వచ్చును. 1933లో సముద్రపు ఓడలకు తెరువబడిన రేవును, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమును ఈ ప్రాంతమునకు దేశమంతట పేరు తెచ్చినవి. అయినను నగరము దాటి ఆనందపురము, పద్మనాభము, పెందుర్తి, భీమునిపట్నము మండలములలోనికి పోయినచో, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలయే చదువునకు ఆధారముగాగల పల్లెలు నేటికిని కానవచ్చును. ఈ పల్లెల బడులకు ఒక విశేషమున్నది. కట్టడపు పనులకును, కర్మాగారముల పనులకును శ్రీకాకుళము, విజయనగరము వైపు నుండియు, ఒడిశా నుండియు కుటుంబములు వచ్చుచు పోవుచుండును. జూన్ నెలలో హాజరుపట్టీలో ఉన్న సంఖ్య సంక్రాంతి నాటికి ఉండదు. సంక్రాంతి నాటి సంఖ్య పరీక్షల నాటికి ఉండదు. అట్టిచోట ఒకే తీరున బిగించియుంచిన గది సంవత్సరము పొడుగునను సరిపోదు.

చిక్కు ఎక్కడ ఉన్నది

2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రతి ఉపాధ్యాయునికి కనీసమొక తరగతి గది ఉండవలెనని అందు విధించిరి. ఒకటి మొదలు ఐదు తరగతుల వరకుగల బడిలో పిల్లలు 60 మందికి మించనిచో ఇద్దరు ఉపాధ్యాయులను, 61 నుండి 90 వరకు ముగ్గురును ఉండవలెనని కూడ అందే కలదు. ఈ రెండు నిబంధనలను కలిపి చదివినచో విషయము స్పష్టమగును. చట్టము గదిని ఇచ్చునది ఉపాధ్యాయునికి, తరగతికి కాదు. కావున చిన్న ఊరిబడిలో తరగతులు ఐదు, ఉపాధ్యాయులు ఇద్దరు, గదులు రెండు. సాధారణముగా ఒకటి, రెండు తరగతులు ఒక గదిలోను, మూడు, నాలుగు, ఐదు తరగతులు మరియొక గదిలోను కూర్చుండును.

మన రాష్ట్రమున ఈ మూడు తరగతుల స్థానము ఇటీవలి సంవత్సరములలో పలుమారులు మారినది. 2022లో వెలువడిన 117వ సంఖ్యగల ప్రభుత్వ ఉత్తర్వును అనుసరించి, ఉన్నత పాఠశాల చేరువనున్న అనేక గ్రామములలో మూడు, నాలుగు, ఐదు తరగతులను అచ్చటికి తరలించిరి. 2025లో ఆ ఉత్తర్వు రద్దయి, పాఠశాలలను క్రొత్త విధముగా వర్గీకరించిరి. పిల్లల సంఖ్య చాలినంతగా ఉన్నచోట తరగతికొక ఉపాధ్యాయుని నియమించు ఉద్దేశముతో మోడల్ ప్రాథమిక పాఠశాలలు ఏర్పడినవి. సంఖ్య తక్కువైన ఊళ్లలో మాత్రము ఒక గదిలో మూడు తరగతులు కూర్చుండు స్థితి ఎప్పటివలెనే ఉన్నది.

అట్టి గదిని ఒకదానిని మనసున ఊహింతము. మూడు తరగతులకు కలిపి పిల్లలు 30 మంది. బల్లలన్నియు ఒకే దిక్కుగా, ఒకే నల్లబల్లవైపు తిరిగి వరుసలుగా ఉన్నవి. ఉపాధ్యాయుడు ఐదవ తరగతికి భిన్నములు చెప్పుచున్నాడు. నాలుగవ తరగతివారికి తెలియని పాఠము చెవిన పడుచున్నది. మూడవ తరగతివారు ఎక్కములు వ్రాయుడని చెప్పగా అవి ముగించి కిటికీలోనుండి చూచుచున్నారు. దినమున ఐదు గంటలు పాఠములు జరిగినను ఒక్కొక్క తరగతికి నేరుగా దక్కునది ఒక గంట నలువది నిమిషములు మాత్రమే. తక్కిన కాలము నిరీక్షణ.

ఈ నిరీక్షణలో నష్టపోవు పిల్లవాడు ఒకడు కలడు. మూడవ తరగతిలో వానికి గుణింతములు సరిగా రాలేదు. వెనుక బల్లపై కూర్చుండును; అల్లరి చేయడు; ఎవరికిని కానరాడు. నాలుగవ తరగతికిని, ఐదవ తరగతికిని వయసును బట్టి పోవును. పదునొకండవ యేట ఉన్నత పాఠశాలలో చేరునాటికి పాఠ్యపుస్తకము వానికి చదువరాని వస్తువైపోవును. పిదప బడి మానినచో, చదువుపై వానికి శ్రద్ధ లేదందురు. వాడు ఉపాధ్యాయుని కంట పడకపోవుటకు గది అమరిక కూడ ఒక కారణమని మా అభిప్రాయము. అందుచేతనే ఈ విషయము గృహాలంకారమువంటిది కాదని ముందుగా మనవి చేయుచున్నాము.

మార్చుకొనదగిన గది అనగా నేమి

పిల్లలు చదువుకొను తీరులు ముఖ్యముగా నాలుగు. అందరును కలిసి వినుట మొదటిది. కథ, పద్యము, క్రొత్త పాఠపు ఆరంభము దీనికి తగినవి. నలుగురైదుగురు చేరి ఒక పనిని పూర్తి చేయుట రెండవది. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి ఒకరు చదువగా ఒకరు సరిచూచుట మూడవది. ఒంటిగా, నిశ్శబ్దముగా చదువుట, వ్రాయుట నాలుగవది. ఎనిమిదేండ్లు దాటిన పిల్లలకు ఈ నాలుగును అవసరము. చిన్న తరగతుల బిడ్డలవలె వీరికి ప్రతి నిమిషము పెద్దల చేయూత అక్కరలేదు. పని అప్పగించినచో అరగంట తమంత తాము నడుపుకొనగలరు. కాని హైస్కూలు పిల్లలవలె గంటల తరబడి కదలక వినజాలరు.

ఈ నాలుగు తీరులకును ఒకే గదిని, కొలది నిమిషములలో, పెద్దల సాయము లేకుండ పిల్లలే అమర్చుకొనుటకు వీలున్నచో అది మార్చుకొనదగిన గది. ఖరీదైన సామాను ఉన్నంత మాత్రమున గది అట్టిది కాజాలదు. తేలికైన బల్లలు, గోడల పొడుగున తక్కువ ఎత్తులో నల్లబల్లలు, చాపలు, పుస్తకములకొక అర, నీడగల వసారా ఉన్న గది ఖరీదు తక్కువైనను అట్టిదే యగును.

మనకిది క్రొత్త విషయము కాదు

పూర్వపు వీధిబడిలో తరగతుల విభజన లేదు. అరుగుపై ఒకవైపు ఇసుకలో అక్షరములు దిద్దువారు, మరియొకవైపు ఎక్కములు వల్లించువారు, వేరొకచోట పద్యములు చదువువారు ఉండెడివారు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పెడివారు. 1823లో బళ్లారి జిల్లా కలెక్టరుగా ఉండిన కాంబెల్ దొర తన జిల్లాలోని 533 పాఠశాలలను గూర్చి ప్రభుత్వమునకు నివేదిక పంపెను. అందు 226 తెలుగు బడులు. పిల్లలను వారి వారి స్థాయిని బట్టి జట్లుగా విభజించి, పై జట్టువారిచేత క్రింది జట్టువారికి నేర్పించు పద్ధతిని ఆయన మెచ్చుకొనెను. ఆ బడులలో అందరికిని ప్రవేశము లేకుండెను; బాలికలు బహు తక్కువ. ఆ లోపములను మనము తిరిగి తెచ్చుకొనరాదు. కాని ఒకేచోట పలు జట్లు పలు పనులు చేయుట మన నేలకు అలవాటైన విషయమేనని దీనివలన తెలియును.

1986 నాటి జాతీయ విద్యావిధానమును అనుసరించి 1987లో ‘ఆపరేషన్ బ్లాక్ బోర్డు’ అను పథకము ఆరంభమైనది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు అన్ని కాలములందును పనికివచ్చు రెండు పెద్ద గదులును, వాటికి లోతైన వసారాయు ఉండవలెనని ఆ పథకము నిర్దేశించినది. వసారాను కేవలము ఎండవానల రక్షణకే గాక, మూడవ గదివలె కూడ వాడుకొనవచ్చునని గమనింపదగును. అట్టి వసారాలు మన పల్లెలలో నేటికిని అనేకము కలవు. కొన్ని విరిగిన బల్లలకును, పాత కాగితములకును నిలయములైనవి.

మన రాష్ట్రమున జరిగిన మరియొక పెద్ద ప్రయత్నము ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము. బ్రిటిష్ ప్రభుత్వ సహాయముతో 1980వ దశకమున కొన్ని జిల్లాలలో ప్రయోగముగా మొదలై, 1989 నుండి 1996 వరకు రాష్ట్రమున విస్తరించి అమలు జరిగినది. గదులు కట్టుటతోపాటు ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చుట దాని ప్రత్యేకత. చేయుచు నేర్చుకొనుట, ఒంటిగను జట్టుగను తరగతియంతయు కలిసియు పనిచేయుట, పిల్లల మధ్యగల భేదములను గమనించుట, ఊరి పరిసరములను పాఠమునకు వాడుకొనుట, పిల్లలు చేసినవానిని గోడలపై ప్రదర్శించి గదిని ఆకర్షణీయముగా అమర్చుట మున్నగునవి ఆ శిక్షణకు మూలసూత్రములు. గదిని కట్టువారును, గదిలో బోధించువారును ఒకే ఆలోచనతో నడువవలెనని ఆ పథకము నేర్పిన పాఠము.

మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రము చుట్టుప్రక్కల పల్లెలలో చిన్న బడులను నడిపి, ఒకే ఉపాధ్యాయుడు పలు తరగతులను ఒక గదిలో నడుపు విధానమును రూపొందించినది. అచ్చట పాఠములను చిన్న చిన్న మెట్లుగా విభజించి కార్డులపై ముద్రించిరి. ప్రతి పిల్లవాడును తానున్న మెట్టు నుండి పైకి పోవును. ఉపాధ్యాయుని సాయము పూర్తిగా కావలసినవారు ఒక జట్టు, కొంత సాయము చాలువారు ఒక జట్టు, తోటివారితో కలిసి చేయువారు ఒక జట్టు, ఒంటిగా చేయగలవారు ఒక జట్టుగా కూర్చుందురు. ఈ విధానమును చూచి 1995లో మైసూరు జిల్లాలో ‘నలి కలి’ని, 2003లో చెన్నై నగరపాలక సంస్థ పాఠశాలలలో అట్టి బోధననే ఆరంభించిరి. తెలుగు పల్లెలో పుట్టిన ఆలోచన పొరుగు రాష్ట్రములకు దారి చూపినదన్నమాట.

ఇతర దేశముల అనుభవము

ఇంగ్లండు దేశమున ఆక్స్‌ఫర్డ్‌షైర్ మండలమందలి ఫిన్మియర్ అను పల్లెలో 1959లో ఒక చిన్న బడిని తెరచిరి. డేవిడ్ మెడ్, మేరీ మెడ్ అను దంపతులు దానికి రూపకల్పన చేసిరి. ఏబదిమంది పిల్లలకు రెండే తరగతులు, మన ఊరిబడివంటిదే. మడచుటకు వీలైన అడ్డుగోడలుంచి, కావలసినపుడు చిన్న చిన్న భాగములుగను, వలసినపుడు ఒకే పెద్ద శాలగను దానిని మార్చుకొనునట్లు కట్టిరి. చదువుటకొక మూల, చేతిపనికొక మూల, వెలుపల నీడపట్టున మరికొంత చోటు ఏర్పరచిరి.

1960, 1970 దశకములలో ఇంగ్లండునను అమెరికాలోను అనేకచోట్ల గోడలే లేని విశాలమైన బడులను కట్టిరి. అందు పెక్కింట ఒక తరగతి సద్దు మరియొక తరగతికి అడ్డు వచ్చినది. ఉపాధ్యాయులకు శిక్షణ చాలదాయెను. కొన్నేండ్లకు బీరువాలు అడ్డుపెట్టి, పిమ్మట గోడలే కట్టుకొనిరి. కావున గోడలు తీసివేయుట మార్గము కాదు. గోడలుండవలెను, గది లోపలి అమరిక కదలవలెను.

ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 27 ప్రాథమిక పాఠశాలలలోని 153 గదులను, 3,766 మంది పిల్లలను పరిశీలించి 2015లో ఫలితములు వెల్లడించిరి. ఒక సంవత్సరములో పిల్లల చదువు పెరుగుదలలో కనబడిన తేడాలలో 16 శాతము గది స్థితిగతులతో ముడిపడియున్నవని తేలినది. అందు సుమారు సగము వెలుతురు, గాలి, ఉష్ణోగ్రతలకు సంబంధించినది. తక్కిన సగము గది మార్చుకొనుటకు వీలుగా ఉండుట, ఇది మా గది అను భావము పిల్లలకు కలుగుట, రంగులు, గోడలపై అలంకరణ మితముగా ఉండుట అనువానికి చెందినది. చిన్న పిల్లల గదికి మూలలు, మలుపులు ఎక్కువ మేలు చేయుననియు, పెద్ద పిల్లలకు విశాలమై, నిరాడంబరమైన చోటు మేలనియు కూడ వారు కనుగొనిరి. ఇది మన మూడు, నాలుగు, ఐదు తరగతుల గదికి నేరుగా అన్వయించును. గోడల నిండ బొమ్మలు వేయించుటకంటె ముందు కిటికీలు తెరచుకొనునా, ఫాను తిరుగునా అని చూడవలెను.

గదిని అమర్చు విధము

ఇరువదినాలుగడుగుల పొడవు, ఇరువది యడుగుల వెడల్పుగల గదిని తీసికొందము. వైశాల్యము 480 చదరపు అడుగులు. ముప్పదిమందికి తలకు 16 చదరపు అడుగులు వచ్చును. ఇద్దరు కూర్చుండు జంట బల్ల ఒకటి సుమారు 12 చదరపు అడుగులు ఆక్రమించును. అట్టివి పదునైదు వేసినచో 180 చదరపు అడుగులు పోవును. వాటి నడుమ దారులు విడువగా ఇక పిల్లలు నేలపై కూర్చుండుటకు చోటుండదు. సగముమందికి బల్లలు, సగముమందికి చాపలు అని ఏర్పరచి, వంతులవారీగా మార్చినచో గది ఒక్కసారిగా విశాలమగును.

2019లో ఆరంభమైన ‘మన బడి నాడు-నేడు’ కార్యక్రమము క్రింద తొలి విడతలో 15,715 పాఠశాలలకు మరమ్మతులు, ఫానులు, పచ్చని వ్రాతబల్లలు, జంట బల్లలు సమకూరినవి. ఆ పనులను తల్లిదండ్రుల కమిటీల ద్వారా జరిపించిరి. ఇనుప చట్రముగల జంట బల్లలు గట్టివి. వాటిని ఉపయోగించుకొనవలసినదే. అయితే బరువైన బల్లను తొమ్మిదేండ్ల బిడ్డ ఒక్కతె కదల్చజాలదు. నలుగురు పట్టి ఎత్తవలెను. ఈడ్చినచో చప్పుడు చేయును, నేల చెడును. బల్ల కాళ్లకు పాత సైకిలు ట్యూబు ముక్కలు బిగించినచో ఈ రెండు బాధలును తగ్గును. రెండేసి బల్లలను ఎదురెదురుగా చేర్చినచో నలుగురి జట్టుకు మేజా ఏర్పడును. ఇకముందు బల్లలు కొనునపుడు మాత్రము తేలికైనవి, రెండు ఎత్తులవి కోరుట మేలు. మూడవ తరగతి బిడ్డకును ఐదవ తరగతి బిడ్డకును ఒకే ఎత్తు సరిపడదు.

గోడలపై నేల నుండి అడుగున్నర ఎత్తున మొదలుపెట్టి నాలుగడుగుల వరకు నల్లరంగు వేయించినచో, చాపపై కూర్చున్న పిల్లలకు వ్రాతబల్ల ఏర్పడును. ఒక్కొక్కరికి రెండడుగుల చొప్పున గీత గీసి పేరు వ్రాయవచ్చును. ఉపాధ్యాయుడు గది నడుమ నిలిచి ఒకసారి చుట్టును చూచినచో, ఎవరికి కూడికలో బదిలీ తప్పుచున్నదో, ఎవరికి వత్తులు రాలేదో ఆ క్షణముననే తెలియును. మనము పైన చెప్పిన వెనుక బల్ల పిల్లవానికి ఇచ్చట వెనుక అనునది ఉండదు. తక్కువ ఖర్చుతో ఎక్కువ మేలు చేయునది ఇదియే.

గదిలో అడ్డుతెరలు పెట్టదలచినవారు ఒక సంగతి తెలిసికొనవలెను. తడిక చూపును ఆపును గాని మాటను ఆపదు. ఒకే గదిలో రెండు జట్లకు ఒకేసారి గొంతెత్తి చెప్పు పనిని ఏ తడికయు సాధ్యము చేయలేదు. ఒక జట్టు మాటలాడునపుడు మరియొక జట్టు వ్రాయునట్లు వేళలు కూర్చుటయే సరియైన మార్గము. తెర పెట్టినను దాని కాళ్లు వెడల్పుగా ఉండి, పిల్లలు తగిలినను పడకుండునట్లు చూడవలెను.

ఎనిమిదడుగుల వెడల్పుగల వసారాలో పదిమంది వలయముగా కూర్చుండగలరు. గట్టిగా చదువు జట్టును, లెక్కల ఆటలాడు జట్టును అచ్చటికి పంపినచో లోపలివారికి నెమ్మది కలుగును. వసారాకు పిట్టగోడ, నీడ, ఒక చిన్న వ్రాతబల్ల ఉండవలెను. గది ద్వారము నుండి ఉపాధ్యాయునికి ఆ జట్టు కనబడవలెను. ఆవరణలో వేపగాని రావిగాని ఉన్నచో దాని చుట్టు అరుగు కట్టించుట మంచిది. చలికాలపు ప్రొద్దున అంతకంటె మంచి తరగతి గది లేదు.

విశాఖ తీరమున ఉక్కపోత ఎక్కువ. సముద్రము వైపు నుండి వీచు గాలి గదిలోనికి వచ్చి ఎదుటి గోడ నుండి పోవుటకు రెండువైపులను కిటికీలుండవలెను. వెలుతురు రెండువైపుల నుండి వచ్చినచో బల్లలను ఎటు త్రిప్పినను వ్రాతపై నీడ పడదు. రేవుకును, ఖనిజములు, బొగ్గు మోయు లారీల దారులకును చేరువనున్న బడులలో ధూళి బాధ కలదు. అచ్చట రోడ్డువైపు చెట్లవరుస పెంచి, కార్డులను, పుస్తకములను మూతగల పెట్టెలలో ఉంచవలెను.

ఇచ్చట తుపానును మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 180 కిలోమీటర్లకు మించిన వేగముతో ఈ తీరమును తాకినపుడు రేకుల కప్పులు కాగితములవలె ఎగిరిపోయినవి. కావున గది కప్పు, గోడలు దృఢముగను, లోపలి వస్తువులు తేలికగను ఉండవలెను. వసారాకు అదనముగా రేకులు వేయించునపుడు ఇనుప కొక్కెములతో బిగింపు సరిగా ఉన్నదో లేదో ఇంజనీరుచేత చూపించవలెను. గ్రామస్థులకు తలదాచుకొనుటకు బడియే దిక్కైన ఊళ్లలో, బల్లలు త్వరగా ఒకప్రక్కకు చేర్చుటకు వీలగుట ఆనాడు కూడ ఉపకరించును.

వైకల్యముగల పిల్లలు అడ్డంకి లేక గదిలోనికి రావలెనని చట్టము చెప్పుచున్నది. వాలుదారి వేయించుటతో ఆ బాధ్యత తీరదు. చక్రముల కుర్చీ తిరుగుటకు బల్లల నడుమ మూడడుగుల దారి ఎల్లప్పుడును ఉండునట్లు గదిని మార్చుచుండవలెను.

ఒకనాటి పని

పైన చెప్పిన ముప్పదిమంది పిల్లల గదిలో ఉదయపు వేళ ఎట్లు నడువవచ్చునో చూతము. మొదటి ఇరువది నిమిషములు అందరును చాపలపై కూర్చుండి కథ విందురు. పిదప మూడవ తరగతివారు గోడబల్లల వద్దకు, నాలుగవ తరగతివారు జట్ల మేజాలకు, ఐదవ తరగతివారు ఒంటి పనికి పోవుదురు. ఉపాధ్యాయుడు మొదటి అరగంట మూడవ తరగతి వద్ద, తరువాతి అరగంట నాలుగవ తరగతి వద్ద కూర్చుండును. పిమ్మట ఐదవ తరగతివారు వసారాలో మూడవ తరగతివారిని ఇద్దరిద్దరుగా చదివింతురు. వారమున రెండు దినములు తరగతి భేదము విడిచి, చదువుటలో ఒకే మెట్టుననున్నవారిని ఒక జట్టుగా కూర్చుండబెట్టవలెను. ఐదవ తరగతిలో ఉండి గుణింతములు రానివానికి ఆ దినములే ఆధారము.

మార్పునకు పట్టు సమయము ముఖ్యము. చట్టప్రకారము ఐదవ తరగతి వరకు సంవత్సరమునకు 200 పనిదినములు. దినమునకు పది నిమిషములు బల్లలు జరుపుటలో పోయినచో సంవత్సరమున 2,000 నిమిషములు, అనగా ముప్పదిమూడు గంటలకు పైగా వృథా యగును. కావున జూన్ నెలలో తొలి వారము ఈ అలవాటునకే వినియోగించి, ఎవరు ఏ బల్ల పట్టవలెనో, చాపలు ఎవరు పరువవలెనో నిర్ణయించి, రెండు మూడు నిమిషములలో ముగియునట్లు తర్ఫీదు చేయవలెను. చాపలు పరచు పని బాలికలకును, బల్లలు మోయు పని బాలురకును అని విడదీయక అందరికిని వంతులు వేయవలెను.

జట్టుగా కూర్చుండుట వేరు, జట్టుగా పనిచేయుట వేరు. నలుగురిని ఎదురెదురుగా కూర్చుండబెట్టి అందరిచేతను నల్లబల్ల మీదిది ఎక్కించి వ్రాయించినచో లాభము లేకపోగా మెడలు నొచ్చును. అట్టి వేళ వరుసలే మేలు. గదిని ఎప్పుడు మార్చవలెనో, ఎప్పుడు మార్చరాదో నిర్ణయించువాడు ఉపాధ్యాయుడే. పంచాయతీ సభ్యులు అమరికను ఆజ్ఞాపింపక, అవకాశము కల్పింపవలెను.

పంచాయతీ చేయదగినది

రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలున పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతోకూడిన విద్య ఒకటి. విద్యాహక్కు చట్టము 21వ సెక్షనును బట్టి ఏర్పడు పాఠశాల యాజమాన్య కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధులకు చోటు కలదు. అందు నాలుగింట మూడు వంతులమంది తల్లిదండ్రులు, సగముమంది స్త్రీలు ఉండవలెను. పాఠశాల అభివృద్ధి ప్రణాళికను సిద్ధము చేయుట ఆ కమిటీ బాధ్యత. గది అమరిక ఆ ప్రణాళికలో చేరవలసిన విషయము.

క్రొత్త గది కావలెనని తీర్మానము చేయుటకు ముందు సభ్యులు ఒక దినము బడికి పోయి, ఉపాధ్యాయుని అనుమతితో గంటసేపు వెనుక కూర్చుండి ఈ క్రింది విషయములు గమనింతురు గాక.

1. గదిలో ఎన్ని తరగతులు కూర్చున్నవి? ఒక తరగతికి పాఠము జరుగునపుడు తక్కినవారు ఏమి చేయుచున్నారు?

2. బల్లలను పిల్లలు స్వయముగా కదల్చగలరా? విరిగిన సామాను ఎంత చోటు ఆక్రమించినది?

3. కిటికీలన్నియు తెరచుకొనుచున్నవా? మబ్బుపట్టిన దినమున వెనుకనున్నవారికి అక్షరము కనబడుచున్నదా?

4. వసారా దేనికి ఉపయోగపడుచున్నది? మధ్యాహ్న భోజనము తరువాత దానిని శుభ్రముచేసి పాఠమునకు వాడుచున్నారా?

5. పిల్లలు వ్రాసినవి, చేసినవి వారి కంటి ఎత్తున పెట్టుటకు చోటున్నదా?

6. పుస్తకములు పిల్లల చేతికి అందునట్లున్నవా, బీరువాలో తాళము వేసియున్నవా?

ఈ ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొని, ప్రధానోపాధ్యాయునితోను, తల్లులతోను కూర్చుండి మాటలాడినచో చేయవలసిన పనుల వరుస తానే తేలును. పనికిరాని సామానును నియమప్రకారము తొలగించుట, గోడలకు నల్లరంగు వేయించుట, కిటికీల బందులు బాగుచేయించుట, చాపలు కొనుట, వసారాను ఖాళీచేయుట అనునవి ఒక వేసవి సెలవులలో ముగియు పనులు. వీనికి దాతల సాయము కూడ దొరకును. వీని తరువాతను గది చాలనిచో, అప్పుడు క్రొత్త గదికై కోరుట న్యాయము. ఆ కోరికకు బలమును ఉండును. చట్టము చెప్పిన ఉపాధ్యాయుల సంఖ్య లేనిచో దానిని గూర్చి మండల విద్యాశాఖాధికారికి వ్రాయుట మానరాదు. ఎంత చక్కని గదియైనను ఉపాధ్యాయునికి బదులు కాజాలదు.

మూడవ తరగతి నుండి ఐదవ తరగతి వరకు మూడేండ్లు, పనిదినములు ఆరువందలు. అక్షరములు నేర్చిన బిడ్డ ఆ అక్షరములతో లోకమును చదువ నేర్చునది ఈ ఆరువందల దినములలోనే. ఈ సంవత్సరము మూడవ తరగతిలో చేరిన పిల్లలకు ఆ లెక్క జూన్ నెలలోనే ఆరంభమగును. పాఠశాలలు తెరచుటకు ముందుగానే పంచాయతీలు ఈ విషయమును తమ సమావేశమున చేర్చి, తమ ఊరి బడిగదిని ఒకసారి క్రొత్త కన్నులతో చూడవలసినదిగా కోరుచున్నాము.